బుద్ధుడి బొమ్మ నేర్చుకోవాలా? ముఖం కాదు, ముందు పాదాలు గీయండి

బుద్ధుడి బొమ్మ గీయాలనుకునే చాలామంది నేరుగా ముఖంతో మొదలుపెడతారు. నేనూ అంతే, కళ్లు కుదరక రెండు నెలలు అక్కడే ఆగిపోయాను. మీరు అలా చేయకండి. అమరావతి స్థూపం మీద తొలి రోజుల్లో పనిచేసిన శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. పాదముద్రలు, ధర్మచక్రం, బోధివృక్షం, ఎవరూ కూర్చోని ఆసనం, వీటితోనే ఆయన అక్కడ ఉన్నాడని చెప్పారు. కొత్తవాళ్లు నేర్చుకోవాల్సిన వరుస కూడా ఇదేనని నా గట్టి నమ్మకం.

డ్రాయింగ్ షీట్లు, హెచ్‌బీ పెన్సిల్, స్కేలు, కంపాస్, ట్రేసింగ్ పేపరు చాలు, హైదరాబాద్ కోఠిలో అన్నీ దొరుకుతాయి. రంగులు ఇప్పుడే కొనకండి.

పాదాల్లోకీ కావాల్సిందే కాబట్టి మొదట చక్రం. కంపాస్‌తో వృత్తం గీసి ఎనిమిది సమభాగాలు చేసి ఆకులు (బండి చక్రానికి ఉండే కడ్డీల్లాంటివి) వేయండి, ఆ ఎనిమిదీ బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గానికి గుర్తు. తర్వాత పద్మం: సగమే గీసి, ట్రేసింగ్ పేపరు మీదకి ఎత్తి, తిప్పి రెండో సగం దించుకోండి. గీత వణుకుతుంటే టెన్షన్ పడకుండా, మణికట్టు కాకుండా మోచేయి కదిలిస్తూ ఒకే ఊపులో గీయండి. ఆ తర్వాత జంట పాదాలు, అరికాలి మధ్యలో చక్రం.

ఇవి చేతికి అలవాటయ్యాకే రూపం. ఇక్కడ కొలతలు తప్పవు. చుక్కల ముగ్గు వేసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది, చుక్కలు సరిగ్గా పడితేనే గీతలు కుదురుతాయి కదా, ఇదీ అంతే. టిబెట్‌లో తంకా (గుడ్డ మీద వేసే బౌద్ధ చిత్రం) గీసే చిత్రకారులు ముందు నిలువు మధ్యరేఖ, దాని చుట్టూ గళ్లు గీసుకుంటారు. వాళ్లు పాటించే ఒక పద్ధతిలో నిలబడిన బుద్ధుడి ఎత్తు 125 అంగుళాలు, అందులో ముఖం పన్నెండున్నర, అంటే పదో వంతు. ఈ అంగుళం ఇంచి కాదు, వేలి వెడల్పు లాంటి కొలత, మీ కాగితాన్ని బట్టి ఎంతైనా పెట్టుకోవచ్చు.

చేతుల ముద్రలు ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. కుడిచేయి మోకాలి మీదుగా నేలను తాకితే భూమిస్పర్శ, అరచేయి మనవైపు చూపిస్తూ ఎత్తితే అభయం. అభయముద్ర చూడాలంటే హుస్సేన్ సాగర్ బుద్ధుడి దగ్గరికి పడవలో వెళ్లండి. 1992లో నిలబెట్టిన ఆ ఏకశిలా విగ్రహం ముందు పెన్సిల్ చాచి పట్టుకుని, ముఖం ఎత్తుకి మొత్తం ఎత్తు ఎన్ని రెట్లో కొలిచి రాసుకోండి. గీతలో లాలిత్యం కావాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లు ఉన్నాయి, తెరిచి ఉందో లేదో కనుక్కుని స్కెచ్ పుస్తకంతో వెళ్లండి. ఒక్క కనుబొమ్మ గీతను పది సార్లు గీసి చూస్తే ఆ చేయి తిరిగిన తీరు ఏమిటో కొంచెం తెలుస్తుంది.

ప్రాక్టీసు కాగితాలు కాళ్ల కింద పడనివ్వకండి, నమ్మేవాళ్లకి అవి కూడా పూజ్యమే.

కళ్లు మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. తంకా సంప్రదాయంలోనూ కళ్లు తెరిపించడం చివరి పనే. రెప్ప సగం వాలి ఉండాలి, చూపు కిందికి ఉండాలి. ఆ రోజు వేరే పని పెట్టుకోకుండా, పొద్దుటి వెలుతురు పడే కిటికీ దగ్గర కూర్చుని గీయండి.