టార్పన్ వేటకు ముందు తిథి చూసుకోండి: బోకా గ్రాండ్‌లో గైడ్‌తో గాలం వేయాలనుకునేవారికి

టార్పన్ అనే పెద్ద సముద్రపు చేప వేటకు గైడ్‌ను మాట్లాడుకోవాలనుకునే మనవాళ్లు మొదట అడిగేది ధర, ఆ తరువాత అడిగేది శనివారం ఖాళీ ఉందా అని. నన్నడిగితే ఈ రెండింటికంటే ముందు చూడవలసింది తిథి. ఫ్లోరిడా పశ్చిమ తీరంలో గాస్పరిల్లా దీవికీ కాయో కోస్టా దీవికీ నడుమ బోకా గ్రాండ్ పాస్ అనే చోటు ఉంది. మన తీరంలో ఏటి మొగ అంటామే, అటువంటిదే. షార్లెట్ హార్బర్ అనే పెద్ద ఉప్పుటేటి ఖాతంలోని నీరు చాలా వరకు ఈ ఇరుకైన, లోతైన మొగ గుండానే సముద్రంలోకి పోయి మళ్లీ వస్తుంది. మే, జూన్ నెలల్లో అమావాస్యకూ పౌర్ణమికీ అటూ ఇటూగా ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం దాటాక ఆటు బలంగా లాగినప్పుడు, ఖాతంలోని గడ్డి మేటల మీద ఉండే చిన్న పీతలు నీటితో పాటు గుంపులుగా కొట్టుకువస్తాయి. వాటి కోసం టార్పన్లు మొగలో బారులు తీరుతాయి. అక్కడి గైడ్లు ఈ ఆటును ‘హిల్ టైడ్’ అంటారు. దశమి నాడు వెళితే అదే పడవ, అదే గైడ్, అదే ఎర ఉన్నా నీటిలో ఆ ఊపు ఉండదు.

తిథి చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండర్ మన దేశపు సమయానికి లెక్క కట్టినదైతే, వేసవిలో ఫ్లోరిడా దానికి తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, మనకు ఆదివారం తెల్లవారుజామున వచ్చే పౌర్ణమి ఘడియ అక్కడ శనివారమే వస్తుంది. కాబట్టి తిథిని బట్టి వారాన్ని ఎంచుకుని, గంటలను మాత్రం అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఓఏఏ ప్రకటించే ఆటుపోట్ల పట్టికలో ఆ మొగ పేరు మీద చూసుకోవాలి. ఆటు బలంగా ఉండే గంటలు పడవలో గడిచేలా బయలుదేరే సమయాన్ని గైడ్‌తో మాట్లాడుకోండి. మొదటిసారి నేను శనివారమని చూసుకుని వెళ్లాను. గైడ్ కూడా అభ్యంతరం చెప్పలేదు. నాలుగు గంటలు నిలకడ నీటిలో, చేపలు దూరంగా పైకి వచ్చి గాలి పీల్చుకుని మునిగిపోవడం చూస్తూ కూర్చున్నాం. డబ్బు తీసుకునేవాడు తిథి చెప్పకపోతే అడగవలసినది మనమే.

గాలి పీల్చుకోవడం అన్న మాట వింతగా అనిపించవచ్చు. టార్పన్‌కు మొప్పలతో పాటు, లోపలి గాలి తిత్తి కూడా ఊపిరితిత్తిలా పని చేస్తుంది. అందుకే అది మధ్య మధ్య నీటి పైకి వచ్చి వెండి వీపు మెరిపిస్తూ ఒక పొర్లు పొర్లి, నోటితో గాలి మింగి కిందికి పోతుంది. దీని పిల్లలు ప్రాణవాయువు తక్కువగా ఉండే మడ అడవుల మురికి కుంటల్లో బతికి బయటపడేది ఈ శక్తితోనే. గైడ్ వెతికేది ఈ పొర్లింతలనే. మన గోదావరి, కృష్ణా నదుల ఉప్పునీటి పాయల్లో కూడా ఈ జాతికి చిన్న చుట్టం ఒకటి ఉంది. ఈ రెండూ తప్ప ఆ ప్రజాతిలో మూడో చేప లేదు. అయితే మన చేప రెండు మూడు కిలోలు తూగితే పెద్దదే, అట్లాంటిక్ ఆడ టార్పన్ వంద కిలోలు దాటగలదు, యాభై ఏళ్లకు పైబడి బతకగలదు.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు అమెరికా కోస్ట్ గార్డ్ ఇచ్చిన కెప్టెన్ లైసెన్సు ఉన్నదో లేదో మొహమాటం లేకుండా అడగండి. చిన్న పడవల వారికి సాధారణంగా ఉండే లైసెన్సు ఆరుగురు ప్రయాణికుల వరకు అనుమతిస్తుంది. ఆరుగురికి అనుమతి ఉన్నంత మాత్రాన ఆరుగురూ గాలం వేయగలరని కాదు. లోతు తక్కువ నీటిలో చేపను కంటితో చూసి ఎర విసిరే స్కిఫ్ పడవలో ఇద్దరికి మించి వెళితే మూడోవాడు ప్రేక్షకుడే. కుటుంబమంతా కలిసి వెళ్లాలనుకుంటే మొగలో లోతు నీటి మీద ఎరను తేలవిడిచే పెద్ద పడవను మాట్లాడుకోవడం మేలు. బోకా గ్రాండ్ పాస్‌లో ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒక పడవ నుంచి ఒకేసారి మూడు గాలాలకు మించి వేయరాదు కనుక, అక్కడ కూడా వంతులు తప్పవు. పిల్లలకు చేపను దగ్గరగా చూపించడమే మీ కోరికైతే ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న కీస్ దీవుల్లోని ఇస్లమొరాడాకు వెళ్లండి. అక్కడ ఒక రేవులో చిన్న చేపలను చేత్తో పట్టుకుని చాపితే టార్పన్లు నీటిలోంచి లేచి అందుకుంటాయి.

లైసెన్సు గల గైడ్ పడవలో వెళ్లేవారికి విడిగా చేపల వేట అనుమతి పత్రం అక్కర్లేదు, పడవకున్నదే సరిపోతుంది. కాని చేపను ఏం చేయవచ్చన్న విషయంలో చట్టం గట్టిగా ఉంటుంది. 2013 నుంచి ఫ్లోరిడాలో టార్పన్‌ను పట్టి వదిలేయవలసిందే. రికార్డు కోసం ప్రయత్నించేవారు మాత్రం ముందుగా 51.75 డాలర్లు కట్టి, చేపను ఉంచుకోవడానికి అనుమతినిచ్చే ట్యాగ్ తీసుకోవాలి, అదీ మనిషికి ఏడాదికి ఒకటే. ఆ ట్యాగ్ లేకుండా నలభై అంగుళాలకు మించిన చేపను నీటిలోంచి పైకి ఎత్తడమే నేరం. వేట కబురు వినగానే ఇంట్లో పెద్దవాళ్లు ‘పులుసు పెట్టారా?’ అని అడుగుతారు. పుస్తెలమ్మి తినేది పులసనే తప్ప దీన్ని కాదని చెప్పండి. ముళ్ల విషయంలో మాత్రం ఇది పులసకు తీసిపోదు, అమెరికాలో దాదాపు ఎవరూ దీన్ని తినరు.

వెళ్లే ముందు వారం రోజులు ఇంటి దగ్గరి మైదానంలో, గాలం తీసేసి, కొసకు చిన్న బరువు కట్టి రాడ్ విసరడం సాధన చేయండి. దూరంకంటే దిక్కు ముఖ్యం. పడవ ముక్కును పన్నెండు గంటలుగా భావించి గైడ్ చేపల దిక్కును గడియారంతో చెబుతాడు. ‘పది గంటలు, అరవై అడుగులు, కుడికి వెళుతున్నాయి’ అన్నాడంటే మీ ఎడమ చేతి వైపు, కాస్త ముందుగా, అరవై అడుగుల దూరంలో చూడాలి, ఎరను మాత్రం చేపల మీద కాకుండా అవి వెళ్లే దారిలో నాలుగైదు అడుగులు ముందు వేయాలి. చేప నెత్తిన పడిన ఎర గుంపు మొత్తాన్ని బెదరగొడుతుంది. గైడ్ చెప్పినది అర్థం కాకపోతే రాడ్ కొసను మెల్లగా తిప్పుతూ పోండి, ‘ఇంకా ఎడమకు, ఆపు’ అని అతడే సరిచేస్తాడు. మొదటి గంటలో నాకు అన్నిటికంటే పనికివచ్చినది ఇదే.

రాడ్, రీల్, లీడర్, ఎర అన్నీ గైడే తెస్తాడు, కొనుక్కోనక్కర్లేదు. ఏవి ఎందుకో తెలిసి ఉండడం మంచిది. టార్పన్‌కు కోరల వంటి పళ్లు లేవు, కాని నోరు గరుకు కాగితంలా ఉండి సన్నని దారాన్ని అరగదీస్తుంది. అందుకే ప్రధాన దారానికి కొసన అరవై నుంచి ఎనభై పౌండ్ల బలమున్న మందపాటి దారపు ముక్క కడతారు, అదే లీడర్. నోటి లోపల ఎముకే ఎక్కువ కనుక గాలం దిగే చోటు తక్కువ. బతికున్న పీతను గానీ చిన్న చేపను గానీ ఎరగా గుచ్చితే వంపు లోపలికి తిరిగిన సర్కిల్ హుక్ వాడతారు, అది చాలాసార్లు దవడ మూలన పట్టుకుంటుంది. మీరు తెచ్చుకోవలసినవి పోలరైజ్డ్ కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, టోపీ, పుష్కలంగా నీళ్లు. రాగి రంగు అద్దాలైతే లోతు తక్కువ నీటిలో చేప నీడ తెలుస్తుంది, అద్దాలు లేకపోతే మెరుపు తప్ప ఏమీ కనిపించదు. తినడానికి పులిహోర తెచ్చుకోండి గానీ అరటిపళ్లు మాత్రం తేవద్దు. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని చాలామంది కెప్టెన్ల నమ్మకం, కొందరు దాన్ని చూడగానే నీటిలోకి విసిరేస్తారు. ఎవరో తుమ్మితే గుమ్మంలో ఆగిపోయే మనం దానికి నవ్వకూడదు.

ఎర అందుకున్న క్షణం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చేపలు తప్పిపోయేది ఎక్కువగా అక్కడే. గాలం మీద బరువు తగలగానే రాడ్‌ను ఒక్కసారిగా పైకి లాగాలని చేయి తొందరపడుతుంది. సర్కిల్ హుక్‌తో అలా లాగితే గాలం నోటిలోంచి జారి వచ్చేస్తుంది. లాగకుండా, రాడ్‌ను చేప వైపు చూపిస్తూ, దారం బిగిసి రాడ్ దానంతట అది వంగేవరకు రీల్ చుట్టండి. అది వంగిన రెండు మూడు క్షణాల్లో చేప నీటిలోంచి లేస్తుంది. మనిషంత చేప, దొన్నెల వంటి మొప్ప మూతలు టపటప కొట్టుకుంటూ, తల అటూ ఇటూ విదిలిస్తూ గాలిలో నిలబడినప్పుడు, చూసేవాడి చేతులు బిగుసుకుపోవడం సహజం. సరిగ్గా అప్పుడే చేతులు సడలాలి. నీటిలో ఉన్నంతసేపు చేప బరువును నీరే మోస్తుంది. గాలిలోకి లేచాక ఆ బరువంతా, ఆ విదిలింపుతో సహా, బిగిసిన దారం మీదే పడి ముడి తెగుతుంది, లేదా గాలం ఊడుతుంది. కనుక చేప లేవగానే నడుము వంచి, రెండు చేతులూ ముందుకు చాచి, రాడ్ కొసను చేప వైపు నీటి దాకా దించండి, దారం వదులవుతుంది. చేప మళ్లీ నీటిలో పడగానే రాడ్ ఎత్తి బిగువు తీసుకోండి. గైడ్ ‘బౌ, బౌ’ (వంగు, వంగు) అని అరిచేది దీనికే. వెండి రాజు అని పేరున్న చేప కనుక దీన్ని రాజుకు దండం పెట్టడం అంటారు. నా మొదటి చేపకు నేను దండం పెట్టలేదు. రాడ్‌ను నిటారుగా పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాను. లీడర్ పుటుక్కుమన్న చప్పుడు చేప తిరిగి నీటిలో పడిన చప్పుడు కన్నా ముందే వినిపించింది.

రెండు మూడు దూకుళ్లు అయ్యాక అసలు శ్రమ మొదలవుతుంది. రాడ్‌ను ఆకాశంలోకి ఎత్తి పట్టుకుంటే చేప తల పైకి లేస్తుందే తప్ప అది అలసిపోదు. రాడ్‌ను నీటికి సమాంతరంగా పక్కకు వంచి, చేప వెళుతున్న దిక్కుకు ఎదురుగా లాగండి. అది కుడికి తిరిగితే మీరు ఎడమకు మార్చండి. చేప లాగినప్పుడు దారం ఎంత బిగువు మీద వదలాలో నిర్ణయించే రీల్ డ్రాగ్‌ను మీరు ముట్టుకోవద్దు, గైడ్ అప్పటికే సరిచేసి ఉంటాడు. చేప పైకి వచ్చి గాలి మింగిన ప్రతిసారీ దానికి కొత్త ఊపిరి అందుతుంది, కాబట్టి పొర్లడానికి లేస్తున్నట్టు కనిపించగానే పక్కకు, కిందికి గట్టిగా లాగి తల తిప్పాలి. విశ్రాంతి మీరు తీసుకుంటే అదీ తీసుకుంటుంది. అరగంట దాటుతున్నా చేప దగ్గరకు రాకపోతే, మీ చేతులు పడిపోయాయని చెప్పి రాడ్‌ను పక్కవారికి ఇవ్వడం ఉత్తమం. గంటల తరబడి పోరాడి చిక్కిన చేపలు వదిలాక బతకకపోవచ్చు.

ఈ మొగలో పెద్ద హామర్‌హెడ్ సొరలూ బుల్ సొరలూ టార్పన్ల వెంటే తిరుగుతాయి. అలసిన చేప వెనుక నల్లటి నీడ కనబడితే గైడ్ దారం తెంపేయమంటాడు, లేదా తానే కోసేస్తాడు. ఫొటో పోయిందని అప్పుడు వాదించకండి. దారం నుంచి విడిపడిన టార్పన్‌కు సొరను తప్పించుకునే అవకాశం ఉంటుంది, దారానికి కట్టుబడిన దానికి ఉండదు. ఫ్లోరిడా వేసవిలో మధ్యాహ్నం ఉరుములు దాదాపు రోజువారీ వ్యవహారం. గ్రాఫైట్ రాడ్ విద్యుత్తును చక్కగా ప్రవహింపజేస్తుంది కనుక మెరుపు కనిపించగానే రాడ్లు దించి ఒడ్డుకు తిరగాలన్న గైడ్ మాటకు ఎదురు చెప్పరాదు. ఉరుముల వల్ల సగంలో తిరిగివస్తే డబ్బు సంగతి ఏమిటో మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోవాలి. బహుమానంగా పదిహేను నుంచి ఇరవై శాతం ఇవ్వడం అక్కడి ఆనవాయితీ, దాన్ని కూడా ఖర్చులో ముందే కలుపుకోండి.

చేప పడవ పక్కకు వచ్చాక గైడ్ లీడర్ అందుకుని కింది దవడను పట్టుకుంటాడు. ఫొటో కావాలంటే మీరు పడవ అంచు మీద వంగి, చేతులు తడిపి, చేప శరీరం నీటిలోనే ఉండగా పక్కన ముఖం పెట్టండి. కెమెరా పట్టుకున్నవారు ముందే సిద్ధంగా ఉంటే పది క్షణాలు చాలు. ఎంత తూగుతుందో తెలుసుకోవాలంటే నీటిలో ఉండగానే టేపుతో పొడవు, చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, ఎనిమిది వందలతో భాగిస్తే పౌండ్లలో ఇంచుమించు బరువు వస్తుంది. డెబ్బై రెండు అంగుళాల పొడవు, ముప్పై ఆరు అంగుళాల చుట్టుకొలత ఉన్న చేప నూట పదిహేడు పౌండ్లు, అంటే యాభై మూడు కిలోల దాకా తూగుతుంది. చేప బాగా అలసిపోయి ఉంటే కొలతల జోలికి పోవద్దు.

ఆ తరువాత గైడ్ ఇంజన్‌ను మెల్లగా ముందుకు నడుపుతూ, నోటిలోకి నీరు పోయి మొప్పల గుండా బయటకు వచ్చేలా చేపను పట్టుకోమంటాడు. వెనక్కూ ముందుకూ ఊపకండి, ముందుకే కదలాలి. తోక తనంతట తాను ఆడడం మొదలై, దవడ మీ వేళ్లను గట్టిగా నొక్కినప్పుడు చేయి తీసేయండి.