బెంగళూరు నుంచి నంది కొండ, ద్రాక్షతోటల మీదుగా రెండ్రోజుల సైకిల్ టూర్: ఎలా ప్లాన్ చేస్కోవాలి?

బెంగళూరులో సైకిల్ తొక్కే మనవాళ్లకి నంది కొండ అంటే ఆదివారం పొద్దున్నే ఎక్కేసి, పైన ఫోటో దిగి, పదింటికల్లా ఇంటికొచ్చి పడుకోవడమే. కానీ ఆ కొండ చుట్టూ దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి, చిక్కబళ్లాపుర దాకా ఉన్నదంతా ద్రాక్ష సీమ. సామాను కట్టుకుని, రాత్రి ఎక్కడైనా ఆగి, తీరిగ్గా తిరిగితే అది వేరే లెవెల్.

మొదటి పని, కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టి ఎత్తు లెక్క చూడండి. నేను ఫస్ట్ టైమ్ చేసిన తప్పు ఇదే. అరవై కిలోమీటర్లేగా, మూడు గంటల్లో అయిపోద్ది అనుకుని వెళ్లా, వెనక పెద్ద పళ్లచక్రం 25 పళ్లదే, ఆఖరి రెండు కిలోమీటర్లు సైకిల్ తోసుకుంటూ ఎక్కా. బుట్టతో ద్రాక్ష అమ్ముకునే పెద్దామె ఒకావిడ నన్ను చూసి, "ఏమప్పా, తోసుకుంటా పోతుండావే, సైకిలు చెడిపోయిందా?" అని తెలుగులోనే అడిగింది. సైకిల్ బానే ఉందవ్వా, నేనే చెడిపోయా అన్నా. (ఆ వైపు కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల్లో తెలుగు బాగా నడుస్తుంది, దారి అడగడానికి కన్నడ రాదని భయపడక్కర్లా.)

బెంగళూరే దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది, నంది శిఖరం 1478. కింద నుంచి పైకి ఏడెనిమిది కిలోమీటర్ల రోడ్డు, అందులో 400 మీటర్లకు పైగా ఎక్కాలి, పైకి పోయేకొద్దీ హెయిర్‌పిన్ మలుపులు దగ్గరదగ్గరగా వస్తాయి. స్ట్రావా, రైడ్ విత్ జీపీఎస్ లాంటి సైక్లింగ్ యాప్‌లో రూట్ గీసి ఎలివేషన్ గ్రాఫ్ చూడండి, నిట్టనిలువు గీత ఎక్కడుందో అక్కడికి మీరు ఎన్ని గంటలకి చేరతారో లెక్కేస్కోండి. ఎండెక్కాక ఆ గీత మీద ఉంటే ఇక అంతే.

గేర్ల సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికీ 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక టైరు కూడా ఒకే చుట్టు తిరుగుతుంది, అంటే సైకిల్ రెండు మీటర్ల పైచిలుకు ముందుకెళ్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. అంటే కొండ ఎక్కడానికి గంట పైనే పడుతుంది, కానీ ఊపిరి అందుతుంది, పక్కవాడితో రెండు మాటలు మాట్లాడొచ్చు. సామాను ఉన్న సైకిల్‌కి ఇంతకంటే గట్టి గేర్ వద్దే వద్దు. మీ సైకిల్‌కి వెనక 25, 28 పళ్లే ఉంటే షాపులో అడిగి పెద్ద క్యాసెట్ (వెనక పళ్లచక్రాల సెట్టు) వేయించండి, మీ డీరైలర్ (గేర్ మార్చినప్పుడు చైన్‌ని జరిపే భాగం) దాన్ని పట్టుకుంటుందో లేదో కూడా ముందే అడగండి. పైకి కనపడే కార్బన్ ఫ్రేమ్ కంటే ఈ ఖర్చే పనికొస్తుంది. టైర్లు 32 మిల్లీమీటర్లు, అంతకంటే వెడల్పువి అయితే ఊళ్ల రోడ్ల మీద నడుం బతుకుద్ది.

ప్రాక్టీస్ నెల, నెలన్నర ముందు మొదలుపెట్టండి. కొండ లేదని సాకు చెప్పకండి, ఇంటి దగ్గర ఫ్లైఓవర్ ఉంటే తెల్లారుజామున ట్రాఫిక్ లేనప్పుడు పదిసార్లు ఎక్కి దిగండి. వీకెండ్‌కి హెసరఘట్ట వైపు పొడుగు రైడ్. ఆఖరి రెండు వారాలు మాత్రం బ్యాగుల్లో సామాను పెట్టుకునే తొక్కాలి, ఎందుకంటే బరువుంటే సైకిల్ మలుపులో వేరేలా తిరుగుతుంది.

ఇక రూట్. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. మొదటి రోజు తెల్లారుజామున ఐదింటికి హెబ్బాళలో బయల్దేరి యలహంక మీదుగా దేవనహళ్లి. 44వ నంబర్ హైవే మీద ఎయిర్‌పోర్ట్ కార్లు దూసుకొస్తాయి కాబట్టి సర్వీస్ రోడ్డు పట్టుకోండి, ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. దేవనహళ్లిలో టిఫిన్, టిప్పు పుట్టిన ఊరు, కోట గోడ పక్క నుంచే దారి. చక్కోత సీజన్ అయితే ఒకటి కొనుక్కోండి, అదే మన పంపరపనస. తర్వాత కొండ. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ లోపలికి పోవాలి, ఒక అరటిపండు, ఒక పల్లీ చిక్కీ అనుకోండి, ఆకలేసేదాకా ఆగితే లేటయిపోయినట్టే. పైకి వెళ్లే టైమింగ్సూ వీకెండ్ రూల్సూ మారుతుంటాయి, ముందు రోజే కనుక్కోండి. పైన కోతులుంటాయి, హ్యాండిల్ బ్యాగ్ జిప్ వేసి ఉంచండి. మాది నెల్లూరు కాబట్టి నాకు ఇంకో సంతోషం, మా పెన్నా పుట్టింది ఈ నంది కొండల వరసలోనే.

దిగడం ఎక్కడం కంటే డేంజర్. బ్రేక్ నొక్కిపట్టి ఉంచొద్దు, నొక్కి వదిలి, నొక్కి వదిలి దిగాలి. మలుపులో కాదు, మలుపుకి ముందే స్పీడ్ తగ్గించాలి. రిమ్ బ్రేకులైతే (చక్రం అంచుని పట్టేవి) మధ్యలో ఒకసారి ఆగి చల్లారనివ్వండి. డిసెంబర్, జనవరిలో పొగమంచుకి రోడ్డు తడిగా ఉంటుంది, అప్పుడు ఇంకా నెమ్మది.

కిందికొచ్చాక నంది ఊళ్లో భోగ నందీశ్వరుడి గుడి, ఆ తర్వాత ముద్దేనహళ్లి, విశ్వేశ్వరయ్య గారి ఊరు. ఇంటిపేరు మోక్షగుండం మన ఆంధ్రాలో ఉన్న ఊరిదే. రాత్రికి చిక్కబళ్లాపురలో రూమ్. సైకిల్ లోపల పెట్టనిస్తారా అని బుక్ చేసేటప్పుడే అడగండి.

రెండో రోజు తోటలు. రెండు రకాలు కనిపిస్తాయి. తలకి తగిలేంత ఎత్తులో పందిరి వేసి ఉంటే అది ఎక్కువగా బెంగళూరు బ్లూ, నల్లగా, గింజలతో, నొక్కితే తోలు ఊడి గుజ్జు జారి బయటికొస్తుంది, జ్యూసుకీ జామ్‌కీ వాడతారు, 2013లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు పంట అనే గుర్తింపు) కూడా వచ్చింది. నడుం ఎత్తులో తీగలు కట్టి వరసలుగా ఉంటే అవి వైన్ ద్రాక్ష. దొడ్డబళ్లాపుర దగ్గర గ్రోవర్ జంపా వాళ్ల తోట ఉంది, టూర్‌కి ముందే ఫోన్ చేసి స్లాట్ తీస్కోండి. తోటల్లోకి అడక్కుండా దిగొద్దు, మందు కొట్టి ఉంటారు, గుత్తి తెంపి నోట్లో వేస్కోవద్దు.

వైన్ టేస్టింగ్ చేస్తే ఆ రోజు ఇక సైకిల్ ఎక్కొద్దు. తిరిగొచ్చేటప్పుడు యలహంక దాకా లారీలున్న రోడ్డు. మేమైతే వాసన చూసి, కథ విని, ఒక సీసా కొని ఇంటికి తెచ్చుకుంటాం. 750 మిల్లీ సీసా గాజుతో కలిపి కిలో దాటుద్ది, అందుకే కొనేది కొండ దిగాకే. నిన్నటి మాసిన జెర్సీలో చుట్టి వెనక బ్యాగ్‌లో అడుగున నిలబెట్టండి, రెండో వైపు బ్యాగ్‌లో అంతే బరువు నీళ్లు పెట్టండి, లేకపోతే సైకిల్ ఒక పక్కకి లాగుతుంది.