పేరున్న ఊరికి పక్క ఊరు: తక్కువ ధరలో మంచి వైన్ ఎంచుకునే పద్ధతి

వైన్ సీసా ధరలో ద్రాక్షకు అయ్యే ఖర్చు ఒక పాలు మాత్రమే. తోట ఉన్న నేల విలువ, ఓక్ పీపాల ఖర్చు, అమ్మకానికి ముందు నిల్వ ఉంచిన కాలం, ఆ ప్రాంతానికి ఉన్న పేరు, ఇవన్నీ కలిసి ధరను నిర్ణయిస్తాయి. వీటిలో పేరు ఒక్కటే గ్లాసులోకి రాదు. అందువల్ల తమకు నచ్చిన ద్రాక్ష రకమేదో ముందుగా తెలుసుకుని, అదే రకాన్ని పండించే, అంతగా పేరుమోయని పొరుగు ప్రాంతంలో వెదకడం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి అని నా అభిప్రాయం.

ఇటలీలోని బరోలో వైన్‌ను చూడండి. నెబ్బియోలో అనే ద్రాక్షతో చేసే ఈ వైన్‌ను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, నిల్వ ఉంచిన తరువాతే అమ్మాలని అక్కడి చట్టం చెబుతుంది. ఆ కాలమంతటి ఖర్చూ ధరలో చేరుతుంది. అదే కొండల ప్రాంతంలో, అదే ద్రాక్షతో చేసి, అంత కాలం ఆగకుండా అమ్మే వైన్‌కు లాంగే నెబ్బియోలో అని పేరు. బరోలో చేసేవారిలో చాలామంది దీనిని కూడా చేస్తారు. ఇందులో బరోలో గాంభీర్యం ఉండదు గాని, నెబ్బియోలోకు సహజమైన గులాబీ వాసన, నాలుకను పట్టే వగరు స్పష్టంగా తెలుస్తాయి.

ఫ్రాన్స్‌లోనూ ఇటువంటి జంటలు ఉన్నాయి. షాతోనెఫ్-దు-పాప్ అనే పేరుమోసిన వైన్ ఖరీదనిపిస్తే, అందులోలాగే గ్రెనాష్ ద్రాక్షే ప్రధానంగా ఉండే కోత్ దు రోన్ వైన్ తీసుకోవచ్చు. సావిన్యోన్ బ్లాన్ ద్రాక్షతో చేసే సాన్సేర్ తెల్ల వైన్ బదులు, అదే ద్రాక్షతో చేసే తూరేన్ ప్రాంతపు వైన్ ప్రయత్నించవచ్చు. బుడగల వైన్ కావలసినవారు షాంపేన్ మాదిరిగానే సీసాలోనే రెండోసారి పులియబెట్టి తయారుచేసే క్రేమాన్‌నుగాని, స్పెయిన్ దేశపు కావానుగాని ఎంచుకోవచ్చు. అయితే షాంపేన్‌ను కనీసం 15 నెలలు నిల్వ ఉంచాలి, కావాకు 9 నెలలు చాలు. రుచిలో ఆ తేడా కొంత కనబడుతుంది.

రెండో మార్గం, ఎక్కువమంది పేరు పెట్టి అడగని ద్రాక్షలను వెదకడం. ఫ్రాన్స్‌లోని లువార్ నది సముద్రాన్ని చేరే చోట మెలోన్ ద్రాక్షతో చేసే మ్యుస్కాదే తేలికైన, చురుకైన పులుపున్న తెల్ల వైన్. దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాన్, స్పెయిన్‌లోని హుమియా ప్రాంతపు మొనాస్ట్రెల్, పోర్చుగల్‌లోని దావ్ ప్రాంతపు ఎర్ర వైన్లు కూడా ఈ కోవలోనివే. చిలీలో మెర్లో అనుకుని తరతరాలుగా పెంచిన తీగల్లో చాలా భాగం నిజానికి కార్మెనేర్ అని 1994లో తేలింది. పచ్చిమిరప కాయను చీల్చినప్పటి వాసనను తలపించే ఈ వైన్ అందరికీ నచ్చకపోవచ్చు, నాకు మాత్రం ఎంతో ఇష్టం.

లేబుల్ చదవడం తప్పక నేర్చుకోవలసిన విద్య. ఐరోపా నిబంధనల ప్రకారం ఒకే ద్రాక్ష పేరు వేస్తే, వైన్‌లో కనీసం 85 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. అమెరికాలో సాధారణంగా 75 శాతం చాలు. స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు ఎర్ర వైన్ సీసాపై క్రియాన్సా అని ఉంటే కనీసం రెండేళ్లు, రెసెర్వా అని ఉంటే మూడేళ్లు నిల్వ చేశారని అర్థం. ఈ రెండింటిలోనూ కనీసం ఏడాది పీపాలో ఉండి ఉంటుంది. తక్కువ ధరలో పాకానికి వచ్చిన వైన్ దొరికే చోట్లలో ఇది ఒకటి. జర్మనీలో రీస్లింగ్ అనే ద్రాక్షతో చేసే తెల్ల వైన్‌పై ఆల్కహాల్ 8 శాతం వద్ద ఉంటే అది సాధారణంగా తియ్యగా ఉంటుంది. 12 శాతం ఉండి, ట్రాకెన్ అనే మాట కూడా కనబడితే తీపి దాదాపుగా ఉండదు. సీసా బరువును, లేబుల్‌పై బంగారు రంగును నాణ్యతకు గుర్తుగా తీసుకోకూడదు. అలాగే మరతో తెరిచే మూతను చిన్నచూపు చూడనక్కరలేదు, ఎందుకంటే బిరడా నుంచి వచ్చే తడి అట్టపెట్టె కంపు దానితో ఉండదు.

దుకాణంలో మొదట మీ బడ్జెట్ చెప్పి, ఇంతకుముందు నచ్చిన ఒక సీసా పేరు కూడా చెప్పండి. అక్కడ సీసాలను ఎలా ఉంచారో కూడా గమనించండి. ఒకసారి నేను కిటికీ పక్కన ఎండ పడే అరలోంచి తెల్ల వైన్ కొన్నాను. ఇంట్లో పోసి చూస్తే ముదురు పసుపు రంగుతో, ముక్కిపోయిన ఆపిల్ వాసనతో ఉంది. అప్పటినుంచి వెలుతురు తగలని అరలనే వెదుకుతున్నాను.

ఒకే ద్రాక్షతో చేసిన, రెండు ప్రాంతాలకు చెందిన రెండు సీసాలను కాగితంలో చుట్టి పక్కపక్కన పెట్టి రుచి చూడడం వంటి పాఠం మరొకటి లేదు. అర్జెంటీనా మెండోసా మాల్బెక్‌ను, అదే ద్రాక్షకు పుట్టినిల్లయిన ఫ్రాన్స్ కాఓర్ వైన్‌తో పోల్చి, ఒక్కొక్క గుటకకు పులుపు, వగరు, తీపి, నోటిలోని బరువు ఎలా ఉన్నాయో నాలుగు మాటల్లో రాసుకోండి. ఎర్ర వైన్‌ను 16 నుంచి 18 డిగ్రీల వద్ద పోయాలి. అంతకన్నా వెచ్చగా ఉంటే ఆల్కహాల్ ఘాటే ముందుకు వస్తుంది. మిగిలిన వైన్‌కు మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు మళ్ళీ రుచి చూడండి. మొదటిరోజు గట్టిగా ఉన్న వగరు కొన్ని వైన్లలో ఆ పాటికి మెత్తబడి ఉంటుంది.