"అర్థమైందా?" అని అడగకండి, తిరిగి చెప్పమనండి

నేను షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని. మా ఫ్యాక్టరీ లైన్ మీద నాలుగైదు భాషల వాళ్లు కలిసి పనిచేస్తారు. కొత్తగా సూపర్‌వైజర్ అయినవాళ్లకు ముందు చెప్పేదొకటే: "అర్థమైందా?" అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకు అందరూ తలూపుతారు. నలుగురి ముందు అర్థం కాలేదని చెప్పుకోవడం ఎవరికైనా నామోషీయే.

"నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇప్పుడు ఏం చేయబోతున్నారో చెప్పండి" అనండి. అప్పుడది పరీక్షలా ఉండదు. వాళ్ల మాటల్లో, వరుసగా రావాలి: మెషిన్ ఆపుతాను, కరెంటు తీస్తాను, స్విచ్చికి తాళం వేస్తాను, ఆ తర్వాతే మూత విప్పుతాను. ఒక మెట్టు జారిపోయినా అక్కడే దొరుకుతుంది. మాటలు రాకపోతే, ఆపి ఉన్న మెషిన్ దగ్గర వేలితో చూపించమనండి.

ఇది చాదస్తం కాదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానంలో డచ్ పైలట్లు, విమానాలకు రేడియోలో ఆదేశాలిచ్చే స్పానిష్ కంట్రోలర్, మధ్యలో ఇంగ్లిష్. పొగమంచు, రేడియోలో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడటం కూడా తోడయ్యాయి. పైలట్లు టేకాఫ్‌కి కదులుతున్నామంటే, కంట్రోలర్ సిద్ధంగా నిలబడ్డారనుకుని "ఓకే" అన్నాడు. ఆ తర్వాత రేడియోలో మాట్లాడే నిబంధనలను బిగించారు. ముఖ్యమైన ఆదేశానికి ఒట్టి "ఓకే" చాలదు, విన్నది తిరిగి చెప్పాల్సిందే.

అంకెల దగ్గర మరీ జాగ్రత్త. ఫిఫ్టీన్, ఫిఫ్టీ మోతలో ఒకేలా వినపడతాయి. "ఒకటి, అయిదు" అని విడివిడిగా పలకండి, కాగితం మీద రాసివ్వండి. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయండి.

నన్నడిగితే, పరభాషవాళ్ల కంటే మన భాషే వేరే యాసలో మాట్లాడేవాళ్లతోనే పొరపాట్లు ఎక్కువ. పరభాష అయితే ఆగి ఆగి చెబుతాం. ఒకే భాష అయితే అనుమానమే రాదు. ఒకే పనిముట్టుకు తలా ఒక పేరుంటుంది. అందుకే మా దగ్గర ప్రతి పనిముట్టు వేలాడే చోట దాని ఫొటో, నంబరు అంటించాం. పేరుతో పాటు నంబరు కూడా చెప్పాలి.

యాసను వెక్కిరిస్తే మాత్రం నేను ఊరుకోను. ఒకసారి నవ్వులపాలైనవాళ్లు మళ్లీ సందేహం అడగరు. ఎవరైనా నవ్వితే అక్కడికక్కడే ఆపించి, అడిగినవాళ్లకు మొదట్నుంచి మళ్లీ చెబుతాను.