పదిహేనేళ్లు నిండుతున్న స్పోర్ట్స్ కారుకు ఆర్‌సీ రెన్యువల్: షాకప్‌లు ముందు, స్లాట్ తర్వాత

విజయనగరంలో మా షెడ్డుకు వచ్చే పాత స్పోర్ట్స్ కార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2011 నాటి స్కోడా లారా ఆర్‌ఎస్, దానికన్నా పాతదైన ఆక్టేవియా ఆర్‌ఎస్, రెండు మూడు ఫియట్ పాలియో 1.6లు. వాటిని ఇంట్లో మనిషిలా చూసుకునే యజమానులు కూడా ఆర్‌సీ గడువు దగ్గరపడేసరికి ఒకే మాట అడుగుతారు: "ఆన్‌లైన్‌లో అప్లై చేసేస్తే అయిపోతుందా అన్నా?" అప్లై చేయడం అరగంట పని. ఆ తర్వాత బండి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలి, అక్కడే చాలామంది ఇబ్బంది పడుతున్నారు. అందుకే దరఖాస్తు సంగతి, షాకప్‌ల సంగతి రెండూ కలిపి రాస్తున్నాను.

సొంత వాడకం కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే చెల్లుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 41వ సెక్షన్ ఈ మాట చెబుతుంది. ఆ తర్వాత రెన్యువల్ చేయించుకుంటే ఒక్కోసారికి ఐదేళ్లు ఇస్తారు. గడువు తీరే తేదీకి 60 రోజుల ముందు నుంచి ఫారం 25 మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతకన్నా ముందు తీసుకోరు. గడువు దాటిన ఆర్‌సీతో రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క, మొదటిసారికే 5,000 రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

అదే చట్టంలో 45, 52 సెక్షన్లు కూడా పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు తెలుసుకోవాలి. యాంత్రిక లోపం ఉన్న బండికి రెన్యువల్ నిరాకరించే అధికారం 45వ సెక్షన్ ఇస్తుంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ మీద గట్టి తీర్పు ఇచ్చింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడేలా నిబంధన వచ్చింది. అరిగిన షాకప్ తీసేసి కంపెనీ కొలతకు సరిపడే కొత్తది వేయడం మరమ్మతు. కారును నేలకు దింపే స్ప్రింగులు, ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు వేయించుకుంటే మాత్రం అడిగిన చోటల్లా జవాబు చెప్పుకోవాలి. ముందు యజమాని అలాంటివి వేయించి ఉంటే, దరఖాస్తుకు ముందే పాత ఎత్తుకు తెచ్చుకోండి.

ముందు షాకప్‌లు

గడువుకు 60 రోజులు ఉన్నప్పుడే కారును లిఫ్టు మీదకి ఎక్కించండి. స్లాట్ తీసుకున్నాక పార్టు కోసం పరుగులు పెడితే అయ్యేది కాదు. ఈ కార్లకు సరైన షాకప్ శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ అల్మారాలోంచి తీసి ఇచ్చే షాపు దొరకడం కష్టం. విశాఖ నుంచో, ఇంకా దూరం నుంచో తెప్పించుకోవాల్సిందే.

షాకప్ పోయిందో లేదో చూడడానికి అందరూ బానెట్ మూల నొక్కి వదులుతారు. ఒక్క ఊపులో లేచి నిలబడితే మంచిది, రెండు మూడు సార్లు ఊగితే పోయినట్టే. స్పోర్ట్స్ కారుకు ఈ పరీక్ష చాలదు. దాని స్ప్రింగులే బిగువుగా ఉంటాయి కాబట్టి షాకప్ సగం చచ్చినా బానెట్ ఊగదు. అరచేతిని టైరు మీద ఆనించి చుట్టూ జరపండి. మధ్యమధ్య గిన్నెల్లా గుంటలు చేతికి తగిలితే ఆ చక్రం రోడ్డు మీద ఆనకుండా ఎగురుతోందన్నమాట. తర్వాత డస్ట్ కవర్ పైకెత్తి షాకప్ ఒళ్లు చూడండి. సీల్ దగ్గర పలుచగా చెమ్మ ఉంటే భయం లేదు. నూనె కిందిదాకా జారి, దాని మీద దుమ్ము బురదలా కట్టి ఉంటే ఇక ఆ షాకప్ పని అయిపోయింది. కళింగపట్నం, బారువ, భీమిలి వైపు కారు ఉంచుకునేవాళ్లు స్ప్రింగు కింది కప్పు కూడా తడిమి చూసుకోవాలి. ఉప్పుగాలికి అది తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతుంది. స్ప్రింగు మీద పగులు ఉంటే స్లాట్ మాట పక్కన పెట్టి ముందు అది మార్పించండి.

పాత షాకప్‌తో కారు మెత్తగానే పోతోంది కదా అని కొందరు వదిలేస్తారు. స్ప్రింగు బరువు మోస్తుంది, ఆ స్ప్రింగు ఊపును షాకప్ ఆపుతుంది. లోపల పిస్టన్ సన్నటి రంధ్రాల గుండా నూనెను నెడుతూ ఆ ఊపును వేడిగా మారుస్తుంది. ఆ పని ఆగిపోతే చక్రం నేలను వదులుతుంది, నేలను వదిలిన చక్రానికి బ్రేకు పట్టదు. సాలూరు ఘాట్ దిగేటప్పుడు, గతుకు మీద బ్రేకు వేసినప్పుడు ఇది ప్రాణం మీదకి వస్తుంది. ఇన్‌స్పెక్టర్ కోసం కాకపోయినా మీ కోసం మార్చుకోండి.

ఏది కొనాలి? నా మాట సూటిగా చెబుతాను. పదిహేనేళ్ల కారుకు, మన రోడ్లకు, రెన్యువల్ ముందు, కంపెనీ వేసిన రకానికి సమానమైనదే వేయండి. సాక్స్, కేవైబీ, మన్రో, బిల్‌స్టీన్ బీ4 ఆ కోవలోవి. కాస్త బిగువు కావాలంటే, అసలు స్ప్రింగులే ఉంచుకుంటూ బిల్‌స్టీన్ బీ6 వేసుకోవచ్చు. అది ఒకే గొట్టంలో నూనె, ఎక్కువ ఒత్తిడితో నైట్రోజన్ ఉండే మోనోట్యూబ్ రకం, వేడెక్కినా పట్టు సడలదు. చూడ్డానికి దాదాపు అలాగే ఉండే బీ8 మాత్రం దింపిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసింది. అసలు స్ప్రింగుతో దాన్ని వేయకండి. కోనీ పసుపు రంగువి రీబౌండ్ (నొక్కుకున్న షాకప్ తిరిగి సాగే తీరు) తిప్పి సర్దుకునే వీలున్నవి. మంచివే, కానీ సర్దడం తెలిసిన చెయ్యి కావాలి. మరీ బిగువైన షాకప్‌ను మెత్తటి స్ప్రింగుకు జోడిస్తే గతుకు మీద చక్రం దిగాల్సినంత త్వరగా దిగదు, డబ్బు పోసి పట్టు పోగొట్టుకున్నట్టవుతుంది.

కారు పేరు ఒక్కటే చెప్పి ఆర్డర్ పెట్టొద్దు. పోయిన ఏడాది మా దగ్గరికి వచ్చిన ఒక లారాకు ఇదే జరిగింది. స్పేర్ పార్ట్స్ షాపతను "లారా పెట్రోలు" అని రాసుకుని ముందు జత పంపించాడు. చక్రం ఊడదీసి, పాత స్ట్రట్‌ను (స్ప్రింగుతో కలిసి ఉండే ముందు షాకప్) నకిల్ (చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప భాగం) లోంచి లాగి, వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) చూస్తే దాని మందం 55 మిల్లీమీటర్లు. కొత్తది 50. అది నకిల్ లోకి నున్నగా జారి, బోల్టు ఎంత బిగించినా గలగలలాడుతూనే ఉంది. ఆ తరం కార్లకు రెండు కొలతలూ వచ్చాయి. మార్పించి తెప్పించేసరికి ఆ యజమాని స్లాట్ పోయింది. అందుకే డిక్కీలో స్టెప్నీ గుంట దగ్గరో, సర్వీసు పుస్తకంలోనో ఉన్న స్టిక్కర్ ఫొటో తీసుకోండి. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కార్లకు అందులో 1బీఏ అంటే మామూలు సస్పెన్షన్, 1బీఈ అంటే స్పోర్ట్స్ సస్పెన్షన్. ఆ కోడు, ఛాసిస్ నంబరు, వెర్నియర్ కొలత మూడూ పంపి, పార్టు నంబరు రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి.

ఎప్పుడూ జతగా మార్చాలి, ముందు రెండూ లేదా వెనక రెండూ. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. పై మౌంటు (షాకప్ పైభాగాన్ని బాడీకి పట్టించేది), దాని బేరింగు, బంప్ స్టాప్ (షాకప్ అడుగు కొట్టుకోకుండా ఆపే దిమ్మ), డస్ట్ కవర్ కూడా అప్పుడే కొత్తవి వేయండి. పదిహేనేళ్ల రబ్బరు చేత్తో నలిపితే చాక్‌పీసులా పొడి అవుతుంది, దాని కోసం ఇంకోసారి కూలి ఎందుకు? చాలాకాలం అడ్డంగా పడి ఉన్న గ్యాస్ షాకప్‌ను నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి వదిలాకే బిగించాలి. బుష్‌ల (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు) బోల్టులు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు బిగించమనండి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. స్ప్రింగు కంప్రెసర్ లేని చోట స్ట్రట్ విప్పనివ్వకండి, ఆ స్ప్రింగు ఎగిరితే మనిషి మిగలడు. చివరగా వీల్ అలైన్‌మెంట్ చేయించి ఆ కాగితం దాచండి. పార్టు నంబరు రాసిన జీఎస్టీ బిల్లు కూడా దాచండి. తనిఖీలో ఎవరైనా అడిగితే, కంపెనీ కొలతదే వేశానని చెప్పడానికి అది పనికొస్తుంది.

ఇక దరఖాస్తు

పరివాహన్ పోర్టల్‌లో వాహన సేవలు తెరిచి ఆంధ్రప్రదేశ్ ఎంచుకోండి. బండి నంబరు, ఛాసిస్ నంబరులో చివరి ఐదు అంకెలు కొడితే, ఆర్‌సీకి కలిపి ఉన్న ఫోనుకు ఓటీపీ వస్తుంది. పదిహేనేళ్ల కిందటి నంబరు చాలామంది దగ్గర ఇప్పుడు ఉండదు, కాబట్టి ముందు మొబైల్ నంబరు మార్పు పూర్తి చేసుకోండి. తర్వాత రిజిస్ట్రేషన్ రెన్యువల్ సేవ ఎంచుకుని, ఇన్సూరెన్స్, పొల్యూషన్ వివరాలు సరిచూసి, ఫీజు కట్టి, తనిఖీకి స్లాట్ తీసుకోవాలి.

2022 ఏప్రిల్ 1 నుంచి కారు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. విదేశం నుంచి దిగుమతి చేసుకున్న కారుకు 40,000. గడువు దాటాక ఆలస్యమైన ప్రతి నెలకు 500 చొప్పున అదనం. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో ఫీజు రెట్టింపు చేశారు: మామూలు కారుకు 10,000, దిగుమతి కారుకు 80,000. పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ యజమానులు రెండో రెన్యువల్‌కు ఈ లెక్క చూసుకోవాలి. గ్రీన్ ట్యాక్స్, కార్డు ఫీజు వీటికి అదనం. మొత్తం స్క్రీన్ మీద కనిపిస్తుంది, అంతే కట్టండి. రసీదు లేకుండా ఎవరి చేతిలోనూ పైసా పెట్టొద్దు.

పెండింగ్ చలానాలు ఉంటే ముందు తీర్చేయండి. బండి మీద ఎప్పుడో తీరిపోయిన లోను ఆర్‌సీలో ఇంకా కనిపిస్తుంటే, బ్యాంకు ఇచ్చిన ఎన్‌వోసీ, ఫారం 35తో దాన్ని తీయించాలి. మన వైపు ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఆ ఊళ్లవాళ్ల ఆర్‌సీ మీద ఏపీ 30 నంబరు, శ్రీకాకుళం జిల్లా చిరునామా ఉంటాయి, ఆధార్‌లో ఇప్పుడు వేరే జిల్లా ఉండొచ్చు. స్లాట్ తీసుకునేముందు పోర్టల్ ఏ ఆఫీసు చూపిస్తోందో గమనించండి, చిరునామా తేడా ఉంటే ఆ మార్పు కూడా కలిపి చేయించుకోండి.

తనిఖీ రోజు ఫారం 25, అసలు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, ఫీజు రసీదు, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చు తీసుకెళ్లండి. ఆ అచ్చు ముందురోజు ఇంటి దగ్గరే తీసుకోవడం మేలు. నంబరు చెక్కిన చోట మట్టి, తుప్పు ఉంటే గుడ్డతో కిరోసిన్ రాసి తుడవండి, ఇసుక కాగితం పెట్టొద్దు. అంకెలు చెరిగితే అసలు గొడవ అక్కడ మొదలవుతుంది.

కారు కడిగి తీసుకెళ్లండి, కింద భాగం కూడా. కొత్త షాకప్ వేసినా పాత నూనె మరక ఉంటే కారుతోందనే అనుకుంటారు. లైట్లు, హారన్, వైపర్లు, హ్యాండ్ బ్రేకు, టైర్లు, నంబరు ప్లేటు చూస్తారు, బండి కాస్త నడిపి చూడొచ్చు. స్పీడ్ బ్రేకర్ మీద టక్ టక్ శబ్దం వస్తే అడుగుతారు. షాకప్‌లు మార్చిన తర్వాత కనీసం ఒక వారం రోడ్డు మీద తిరిగి, ఆ శబ్దాలన్నీ తీర్చుకున్నాకే స్లాట్‌కు వెళ్లండి. జాతీయ రహదారి మీద ఒకసారి, ఊళ్లోని గతుకుల మీద ఒకసారి నడిపితే లోపం ఎక్కడున్నా బయటపడుతుంది.

లోపం ఉందని వెనక్కి పంపితే ఏ లోపమో రాయించుకోండి. రెన్యువల్ నిరాకరిస్తే కారణాలతో సహా ఉత్తర్వు ప్రతి ఇవ్వాలని 45వ సెక్షన్‌లోనే ఉంది. అది అన్యాయం అనిపిస్తే, ఉత్తర్వు అందిన 30 రోజుల్లోపు 57వ సెక్షన్ కింద అప్పీలు వేసుకోవచ్చు. చాలా సందర్భాల్లో అంతదాకా పోనక్కర్లేదు, లోపం సరిచేసి మళ్లీ చూపిస్తే సరిపోతుంది.

ఆమోదం వచ్చాక ఎంపరివాహన్‌లో గానీ డిజీలాకర్‌లో గానీ కొత్త గడువు తేదీ చూసుకోండి. పేరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఒక్కో అంకె పాత ఆర్‌సీతో పోల్చండి. తప్పు కనబడితే అప్పుడే చెప్పి దిద్దించుకోండి, ఆ తర్వాత కొత్త తేదీ ఉన్న ఆర్‌సీ ప్రతి ఒకటి ఇన్సూరెన్స్ వాళ్లకు పంపండి.