తుపాను సీజన్‌కు ముందే లినక్స్ సిస్టాన్ని సర్దుకోండి

నెల్లూరోళ్లకు అసలు వానాకాలం దసరా దాటాకే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఎప్పుడు వాయుగుండం లేస్తుందో, ఎప్పుడు కరెంటు పోతుందో చెప్పలేం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్టే కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినా, మనల్ని తడిపి ముద్ద చేశాకే అటు పోయింది. వాయుగుండం అనగానే బియ్యం బస్తాలు అటకెక్కిస్తాం, టార్చిలైటుకు సెల్లు కొంటాం. సిస్టం సంగతి మాత్రం కిటికీ రెక్కలు టపటపా కొట్టుకునేటప్పుడే గుర్తొస్తుంది.

నేను విడవలూరు వైపు రొయ్యల గుంటలవాళ్లకు మేత, మందుల లెక్కలు రాసిపెడుతుంటాను. అంతా ఉబుంటు అనే లినక్స్ మీద, లిబ్రెఆఫీస్‌లోనే. ఇన్నేళ్లలో వాన నీళ్లకు పోయిన ఫైలు ఒక్కటీ లేదు. పోయినవన్నీ వాన వస్తోందన్న కంగారులో నా చేతులారా పోగొట్టుకున్నవే. కింద కమాండ్లను ఫోనులో చెప్పేటప్పుడు ఎలా పలుకుతామో అలాగే రాశాను. మీరు చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టుకోండి.

మొదట అప్‌గ్రేడ్ల సంగతి. కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని వినపడిందంటే ఇక ఆప్ట్ అప్‌గ్రేడ్ (సాఫ్ట్‌వేర్లను కొత్తవి చేసే కమాండు) జోలికి పోకండి. ప్యాకేజీ విప్పడం అయ్యి, సర్దడం సగంలో ఉండగా కరెంటు పోతే సిస్టం ఎటూ కాకుండా నిలబడుతుంది. ఉబుంటు 22.04 నుంచి 24.04కు ఎక్కడంలాంటి పెద్ద పని అయితే సంక్రాంతికి పెట్టుకోండి, కొంపలేం మునగవు. మీరు ఊరుకున్నా ఉబుంటు ఊరుకోదు, సెక్యూరిటీ అప్‌డేట్లు వెనకాల తనంతట తానే వేసుకుంటుంది. ఆ నాలుగు రోజులూ ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేసి, వాన వెలిశాక మళ్లీ ఆన్ చేయండి. మళ్లీ ఆన్ చేయడమే చాలామంది మరిచిపోయేది. ఒకవేళ మధ్యలో ఆగిపోతే భయపడొద్దు. సుడో డీపీకేజీ, మైనస్ మైనస్ కాన్ఫిగర్, మైనస్ ఏ అని కొడితే చాలాసార్లు ఆగినచోటు నుంచి సర్దుకుంటుంది.

ఇక బ్యాకప్. దీనికి నేను వాడేది ఆర్‌సింక్ అనే కాపీ కమాండు. 1996లో వచ్చిన సరుకు, మారిన ఫైళ్లనే మోస్తుంది కాబట్టి రోజూ నడిపినా నిమిషాల్లో అయిపోతుంది. దీంట్లో ఒక చిన్న గీత పెద్ద పని చేస్తుంది. ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే పేరు చివర స్లాష్ పెడితే ఆ ఫోల్డరు లోపలి సరుకు మాత్రమే పోతుంది. పెట్టకపోతే ఫోల్డరుతో సహా పోతుంది. ఒక వాన సాయంత్రం, ఇన్వర్టరు కూతపెడుతుంటే, ‘లెక్కలు’ ఫోల్డరును పెద్ద హార్డ్‌డిస్కులోకి పంపుదామని కూర్చున్నా. అనవసరంగా స్లాష్ పెట్టా, పైగా మైనస్ మైనస్ డిలీట్ తగిలించా. డిలీట్ అంటే ఇటు లేనిదాన్ని అటు చెరిపేయమని. ఆ డిస్కులోనే పక్కన మా చెల్లెలి పెళ్లి ఫొటోలున్నాయి. ‘లెక్కలు’లో ఫొటోలు లేవు కదా, ఆర్‌సింక్ చెప్పిన పని చెప్పినట్టు చేసి, ఫొటోల ఫోల్డరు మొత్తం ఊడ్చేసింది. మా అమ్మకు ఆ సంగతి చెప్పడానికి నాకు వారం పట్టింది.

అప్పటి నుంచి ముందు మైనస్ ఎన్ పెట్టి నడుపుతా. ఏమీ చేయకుండా ఏమేం చేయబోతోందో చూపిస్తుందది. మైనస్ వీ కూడా తగిలిస్తే చెరిపేవాటి ముందు డిలీటింగ్ అని పడుతుంది. ఆ మాట ఒక్కటి కనపడినా ఆగి చదవండి. కరెంటు పోయేలోగా కానిచ్చేద్దాం అనిపించేటప్పుడైతే డిలీట్ అసలు వాడకండి. పాత ఫైళ్లు నాలుగు మిగిలితే నష్టమేంది?

ఇంకో మోసం ఉంది. బయటి డిస్కు మౌంట్ కాకపోయినా, అంటే సిస్టానికి తగులుకోకపోయినా, ఆ పేరుతో ఖాళీ ఫోల్డరు అక్కడ ఉండిపోవచ్చు. అలా ఉంటే ఆర్‌సింక్ దాంట్లోకే కాపీ చేసి ఊరుకుంటుంది. బ్యాకప్ అయిందని మీరు నిశ్చింతగా పడుకుంటారు, అది పడింది మాత్రం అదే సిస్టంలో. నడిపే ముందు డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టి, డిస్కు పేరు, సైజు కళ్లారా చూసుకోండి.

పెన్‌డ్రైవులు ఎక్కువగా ఫ్యాట్32తో ఉంటాయి. 4 జీబీ దాటిన ఫైలు దాంట్లో పట్టదు, కాబట్టి టార్‌తో అంతా ఒకే మూట కట్టేవాళ్లు ముందే ఎక్స్‌ఫ్యాట్‌గానో ఈఎక్స్‌టీ4గానో ఫార్మాట్ చేసుకోవాలి. కాపీ అయిందని తెర మీద పడగానే పీకేయకండి. సగం సరుకు ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. సింక్ అని కొట్టి, ప్రాంప్ట్ తిరిగొచ్చేదాకా ఆగి, అన్‌మౌంట్ చేసి అప్పుడు తీయండి. తీశాక దాన్ని వేరే సిస్టంలో పెట్టి ఏదో ఒక ఫైలు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ అనను.

డీడీ కమాండుతో బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసేవాళ్లకు ఒక్కటే మాట: డిస్కులకు సిస్టం పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు నిన్న ఉన్నట్టు ఇవాళ ఉంటాయని లేదు, తప్పు పేరిస్తే ఆ డిస్కు మీదే రాసేస్తుంది. ప్రతిసారీ ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి సైజు చూసి గుర్తుపట్టండి.

నెట్ వస్తూ పోతూ ఉండే రోజుల్లో ఫైళ్లు దించే డబ్ల్యూగెట్‌కు మైనస్ సీ పెడితే ఆగినచోటు నుంచి అందుకుంటుంది. దూరపు సర్వరులో పనైతే టీమక్స్‌లో మొదలుపెట్టండి, ఇక్కడ లైను తెగినా అక్కడ పని నడుస్తూనే ఉంటుంది. కమాండ్ల వివరాలు చెప్పే మ్యాన్ పేజీలకు నెట్టే అక్కర్లేదు. అన్నిటికన్నా భయపడాల్సింది, నెట్ నుంచి కర్ల్‌తో తెచ్చిన స్క్రిప్టును నేరుగా బ్యాష్‌లోకి (కమాండ్లు నడిపేది) పంపే అలవాటు. లైను మధ్యలో తెగితే స్క్రిప్టు సగమే వస్తుంది, బ్యాష్ ఆ సగాన్నే నడిపేస్తుంది. హోమ్‌లోని టెంప్ ఫోల్డరు చెరుపు అన్న వరుస హోమ్ పేరు దగ్గరే తెగిందనుకోండి, ఇక ఏం చెరుపుతుందో మీరే ఊహించుకోండి. ముందు ఫైలుగా దించుకుని, చివరిదాకా వచ్చిందో లేదో చూసి, చదివి, అప్పుడు నడపండి.

ఉరుములప్పుడు ప్లగ్గుతో పాటు వెనక ల్యాన్ వైరు కూడా పీకేయాలి. కరెంటు వచ్చిన వెంటనే ఆన్ చేయకుండా ఓ పావుగంట ఆగండి, వోల్టేజీ ఎగిరి దూకే టైము అదే.

వాన వెలిసిన పొద్దున నాకు తప్పక ఒక ఫోన్ వస్తుంది. "అన్నా, నల్ల తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని పడి నిలబడిపోయిందే." చాలావరకు డిస్కు చచ్చిపోయి కాదది, కరెంటు పోయిన దెబ్బకు ఫైల్‌సిస్టం బాగుచేయమని అడుగుతోంది. అక్కడే ఎఫ్‌ఎస్‌సీకే కొట్టి, తెర మీద చూపించిన పార్టిషన్ పేరు ఇస్తే అడుగుతూ సర్దుతుంది. అదే కమాండును మామూలుగా నడుస్తున్న సిస్టంలో, మౌంటై ఉన్న డిస్కు మీద వేయకండి, ఉన్నది కూడా చెడుతుంది. సీపీయూ పెట్టె తడిసిందంటే మాత్రం ఏ కమాండూ వద్దు, ఆన్ చేసి చూద్దామనే సరదా కూడా వద్దు. ప్లగ్గు పీకి, పెట్టె విప్పి, ఫ్యాను గాలికి పెట్టి నాకు ఫోన్ చేయండి.