ఇంటి కుక్క సంరక్షణ, 4వ పాఠం: రొప్పు చూసి వడదెబ్బను పసిగట్టడం

గత పాఠంలో ఒంటి బరువును బట్టి తిండి కొలత ఎలా వేసుకోవాలో చూశాం. ఆ లెక్క మార్చి నెలాఖరు వరకు బాగానే నడుస్తుంది. ఏప్రిల్ వచ్చిందంటే తిండి వేళలు, నీళ్లు, నడక అన్నీ మార్చుకోవాల్సిందే. వడదెబ్బ తగిలిన కుక్కకు గంటా రెండు గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి ఈ పాఠం మిగతావాటికన్నా కాస్త పెద్దది. ఒక్క రోజులో చదివి పక్కన పెట్టేయకండి. అభ్యాసాలు చేసుకుంటూ వారంలో పూర్తి చేయండి. ఒక డిజిటల్ థర్మామీటరు, లీటరు సీసా, సెకన్లు చూపించే గడియారం, నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. థర్మామీటరు కుక్కకు వేరుగా కొనాలి.

కుక్క ఒళ్లు ఎలా చల్లబడుతుంది

మనకు ఒళ్లంతా చెమట పోస్తుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే. ఒంటి వేడి దించడానికి అది ఏ మూలకూ చాలదు. అందుకని నోరు తెరిచి, నాలుక చాపి, గబగబా పైపైన ఊపిరి తీస్తుంది. నాలుక మీద, నోట్లో, ముక్కు లోపల ఉన్న తడి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. రొప్పడం అంటే ఇదే. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఈ పద్ధతిలోనే. పొడిగాలి తగిలితే కుండ బాగా పనిచేస్తుంది, ఉక్కపోత రోజున నీళ్లు అంతంత మాత్రంగానే చల్లబడతాయి.

దీన్నిబట్టి చాలా విషయాలు తేలతాయి. విశాఖపట్నం, కాకినాడ వైపు ఉన్నవాళ్లు 36 డిగ్రీలే కదా అని ధీమాగా ఉండకూడదు. గాలిలో తేమ నిండి ఉంటే కుక్క ఎంత రొప్పినా తడి ఆరదు, వేడి దిగదు. రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల వైపు తేమ తక్కువే గానీ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. అక్కడ రొప్పి రొప్పి ఒంట్లో నీళ్లు హరించుకుపోతాయి. తలుపులూ కిటికీలూ మూసిన గదిలో ఎయిర్ కూలర్ పెట్టి కుక్కను పడుకోబెట్టడం కూడా మంచిది కాదు. కాసేపటికే గదంతా తేమ పట్టి ఉక్క మొదలవుతుంది. కూలర్ పెడితే ఎదురు కిటికీ తెరిచే ఉంచండి.

రొప్పడానికి ఏది అడ్డుపడినా ప్రమాదమే. పగ్, షిట్జు, బుల్‌డాగ్‌లకు ముక్కు నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి గాలి సరిగా ఆడదు. మిగతా కుక్కలు తట్టుకునే ఎండ వీటికి ప్రాణాంతకం కావచ్చు. ఒళ్లు చేసిన లాబ్రడార్లు, గుండె జబ్బున్నవి, ముసలివి, చిన్న పిల్లలు కూడా ఈ జాబితాలోకే వస్తాయి. మూతి బిగించి కట్టే గుడ్డ చిక్కంతో ఎండలో నడిపించడం అన్నిటికన్నా ఘోరం. కరుస్తుందన్న భయం ఉంటే లోపల నోరు పూర్తిగా తెరవగలిగే బుట్టలాంటి చిక్కమే వాడండి.

మొదటి అభ్యాసం: మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకోవడం

మామూలు సంగతి తెలియనిదే తేడా తెలియదు. అందుకే కుక్క కులాసాగా ఉన్న రోజునే కొలతలు తీసి రాసి పెట్టుకోవాలి.

రాత్రి అది నిద్రలో ఉన్నప్పుడు డొక్క పైకి లేచి కిందికి దిగడాన్ని ఒకటిగా లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటకూడదు. వరసగా రెండు మూడు రాత్రులు దాటుతుంటే ఎండ సంగతి అటుంచి, గుండె, ఊపిరితిత్తులు చూపించాలి.

తర్వాత పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో, తడిగా, వేలికి నున్నగా తగలాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకు రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప లోపలి వైపు చూడండి.

ఇక ఒంటి వేడి. ముక్కు ముట్టుకుని జ్వరం చెప్పడం కుదరదు. థర్మామీటరు మొనకు కాస్త కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలోకి ఒక అంగుళం మేర మెల్లగా పోనిచ్చి, బీప్ వినిపించేదాకా పట్టుకోవాలి. ఒకరు తల దగ్గర కూర్చుని మాట్లాడుతూ నిమురుతుంటే చాలా కుక్కలు కదలకుండా నిలబడతాయి. 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ వరకు కుక్కకు మామూలే. మన లెక్కన అది జ్వరంలా కనిపిస్తుంది గానీ కంగారు పడనక్కర్లేదు.

ఇప్పుడు రొప్పు. నడిచొచ్చిన కుక్క రొప్పడం సహజం. నీడన నీళ్లు తాగి పడుకుంటే పది పదిహేను నిమిషాల్లో నోరు మూసుకుంటుంది. చల్లటి బాత్రూం గచ్చు మీద పొట్ట ఆనించి, వెనక కాళ్లు బార్లా చాపుకుని పడుకుందంటే తన వైద్యం తనే చేసుకుంటోందన్నమాట. అక్కణ్నుంచి లేపకండి. అసలు చూడాల్సింది నాలుక. వేడి ముదిరేకొద్దీ నాలుక ఇంకా బయటికి సాగుతుంది, చివర వెడల్పై అంచులు పైకి తిరుగుతాయి, రంగు గులాబీ నుంచి ముదురు ఎరుపులోకి దిగుతుంది. పెదవుల మూలలు వెనక్కి లాక్కుపోయి దవడ పళ్లు కనిపిస్తాయి. నీడకు వచ్చి పావుగంట గడిచినా ఇవి తగ్గకపోతే అది మామూలు ఆయాసం కాదు. చొంగ చిక్కబడి తీగలా సాగడం, పిలిస్తే చూపు ఆనకపోవడం, నడకలో తూలడం, వాంతి, రక్త విరేచనం కనిపిస్తే వడదెబ్బ తగిలినట్టే.

రోజును తిరగేసి పెట్టుకోవడం

పొద్దున్న నడక ఆరున్నరకల్లా ముగిసిపోవాలి. సాయంత్రం నడక దగ్గరే చాలామంది పొరపడతారు. ఐదున్నరకు ఎండ తగ్గిందని బయల్దేరతారు. మనకు చెప్పులుంటాయి, దానికి ఉండవు. తారు రోడ్డు, సిమెంటు రోడ్డు పగలంతా తాగిన వేడిని ఏడింటి దాకా కక్కుతూనే ఉంటాయి. పైగా కుక్క పొట్ట రోడ్డుకు జానెడు, మూరెడు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఆ సెగ నేరుగా తగులుతుంది. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే వెనక్కి తిరగండి. మే నెలలో, ముఖ్యంగా రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత పది నిమిషాలు తిప్పినా చాలు. బంతి ఆటలు వానలు పడేదాకా మానేయండి. బంతి మీద పిచ్చి ఉన్న కుక్క ఒంట్లో ఓపిక అయిపోయినా ఆగదు.

పగలు మేడ మీద, రేకుల కింద, బాల్కనీలో కట్టేయడం వద్దు. పొద్దున్న నీడ ఉన్న చోటికి మధ్యాహ్నం ఎండ వస్తుంది, గొలుసుకు కట్టిన కుక్క పక్కకు జరగలేదు. కారులో వదిలి కూరగాయలకు వెళ్లడం అసలే వద్దు. ఆగి ఉన్న కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరుగుతుంది. అద్దాలు రెండంగుళాలు దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు.

నీళ్లు, తిండి

కుక్కకు రోజుకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. 25 కిలోల లాబ్రడార్‌కు దాదాపు లీటరున్నర, 5 కిలోల పామెరేనియన్‌కు పావు లీటరు పైచిలుకు. ఇది మామూలు రోజుల లెక్క, ఎండల్లో ఇంకా ఎక్కువే తాగుతుంది. పెరుగన్నం, గంజి లాంటి జారుడు తిండి తినే కుక్క కాస్త తక్కువ తాగినా ఫర్వాలేదు. ప్యాకెట్లో వచ్చే పొడి గుళికల తిండి తినేదానికి మాత్రం నీళ్లు బాగా కావాలి. ఒకటికి బదులు రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టండి. బరువైన మట్టి లేదా రాతి తొట్టి అయితే ఒలకబోయదు, నీళ్లూ చల్లగా ఉంటాయి. ఐసు ముక్కలు వేసినా, చల్లటి నీళ్లు పోసినా కుక్కకు హాని లేదు. కానీ పరిగెత్తి వచ్చి గటగటా కడుపునిండా తాగేస్తుంటే కొంచెం కొంచెంగా పోయండి.

ఎండల్లో తిండి కాస్త తగ్గడం సహజం. పొద్దున్నే నడక తర్వాత అరగంట ఆగి ఒకసారి, రాత్రి చల్లబడ్డాక ఒకసారి పెట్టండి, మధ్యాహ్నం ఖాళీగా వదిలేయండి. తిన్నది అరగడంలో కూడా ఒళ్లు వేడెక్కుతుంది. పెరుగన్నం మంచిదే గానీ రెండు పూటలా అదే పెట్టి నెల గడిపేస్తే మాంసకృత్తులు చాలక కండ కరిగిపోతుంది. అందులో ఉడికించిన గుడ్డో, ఉప్పూ కారం లేకుండా ఉడికించి ఎముకలు తీసిన చికెనో కలపాలి. పలుచటి మజ్జిగ తాగించవచ్చు, తాలింపు, ఉల్లి, పచ్చిమిర్చి లేకుండా. గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు, కీరా ముక్కలు చాలా కుక్కలు ఇష్టంగా తింటాయి. పాలు పడని కుక్కలు చాలా ఉంటాయి కాబట్టి పెరుగు కూడా మొదట రెండు చెంచాలు పెట్టి విరేచనం ఎలా ఉందో చూడండి. పొద్దున్న కలిపిన పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. తినగా మిగిలింది అరగంటలో తీసేయాలి.

మన ఇళ్లలో వేసవి ప్రమాదం ఇంకొకటి ఉంది. అది మామిడి టెంక. ఇంట్లో రసాలు తిన్న రోజున చెత్తబుట్ట నిండా తియ్యటి టెంకలే. కుక్క చప్పరించి ఊరుకోదు, మింగేస్తుంది. జారుడుగా ఉండడంతో గొంతు దిగిపోయి, పేగులో అడ్డం పడుతుంది. రెండు రోజులు వాంతులు, తిండి ముట్టకపోవడం, విరేచనం ఆగిపోవడం చూసి వడదెబ్బేమో అనుకుంటాం. చాలాసార్లు ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. మామిడి గుజ్జు ఒకటి రెండు ముక్కలు పెట్టండి, టెంకలున్న బుట్టకు మాత్రం గట్టి మూత ఉండాలి. ఆవకాయ పెట్టే రోజున వెల్లుల్లి ఒలిచిన పళ్లెం కూడా దానికి అందకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చుట్టాల పిల్లలు సెలవులకు వస్తారు కదా, ఈ రెండు సంగతులూ వాళ్లకు ముందే చెప్పండి.

బొచ్చు, పిడుదులు

జర్మన్ షెపర్డ్, పామెరేనియన్, హస్కీల లాంటి రెండు పొరల బొచ్చున్న కుక్కలకు గుండు గీయించకండి. పై పొర ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది. రోజూ దువ్వి లోపలి ఊడిన నూగు తీసేస్తే గాలి ఆడుతుంది, అంతే చాలు.

వేడి పెరిగిందంటే పిడుదులు, అంటే గోమార్లు, విపరీతమవుతాయి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద రోజూ వేళ్లతో తడిమి చూడండి. చర్మానికి ఆనుకుని పట్టకారుతో పట్టుకుని నిటారుగా లాగి సబ్బునీళ్లలో వేయాలి. కాల్చడం, కిరోసిన్ పూయడం, గోళ్లతో చిదమడం చేయొద్దు. అవి గుడ్లు పెట్టేది కుక్క మీద కాదు, గోడ పగుళ్లలో, పరుపు కుట్లలో. అందుకే మందు కుక్కకు వేయించి ఊరుకుంటే సరిపోదు, ఇల్లు కూడా శుభ్రం చేయాలి. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కులోంచి రక్తం, కాఫీ రంగు మూత్రం వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించండి.

రెండో అభ్యాసం: వడదెబ్బకు ప్రథమ చికిత్స

దీన్ని ఇంట్లో అందరూ కలిసి ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడండి. మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం రెండింటికి కాగి ఉంటాయి, పంపు తిప్పితే సలసల వస్తాయి. కాబట్టి ఏప్రిల్ నుంచి రోజూ పొద్దున్నే రెండు బకెట్లు నింపి నీడలో పెట్టే అలవాటు చేసుకోండి. దగ్గర్లో ఏ పశువైద్యశాల మధ్యాహ్నం తెరిచి ఉంటుందో, ఏది రాత్రి చూస్తుందో ఇప్పుడే కనుక్కుని ఫోను నంబరు గోడకు అంటించండి.

కుక్క కూలబడితే నీడకు మోసుకొచ్చి మెడ పట్టీ తీసేయండి. మెడ, రొమ్ము, పొట్ట, తొడల సందులు, అరికాళ్లు తడిసేలా నీళ్లు పోస్తూనే ఉండండి, పక్కన ఫ్యాను పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేయవద్దు, కాసేపటికి అదే వేడెక్కి దుప్పటిలా పట్టుకుంటుంది. స్పృహ ఉండి తనంతట తాగితే నీళ్లు ఇవ్వండి. స్పృహ లేనిదాని నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు పొరపాటున కూడా వేయకండి. వడదెబ్బ జ్వరం కాదు, ఆ మాత్రలకు అది దిగదు. పైగా అవి కుక్కకు విషం.

వీలైతే ఐదు నిమిషాలకోసారి థర్మామీటరు పెట్టండి. 103.5కు దిగాక నీళ్లు ఆపండి, ఆ తర్వాత వేడి తనంతటే ఇంకాస్త దిగుతుంది. బండిలో ఏసీ వేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. లేచి తోక ఊపుతున్నా సరే తీసుకెళ్లాలి, ఎందుకంటే మూత్రపిండాలు, కాలేయం, రక్తం గడ్డకట్టే తీరులో దెబ్బ ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత కూడా బయటపడవచ్చు.

మీరే చెప్పండి

మధ్యాహ్నం మూడు. కరెంటు పోయి గంటన్నర. పగ్ గురక పెట్టినట్టు రొప్పుతోంది, చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి, థర్మామీటరు 105 చూపిస్తోంది. ఆస్పత్రి నలభై నిమిషాల దూరం. మీరొక్కరే ఉన్నారు. వెంటనే బండెక్కించాలా, నీళ్లు పోయాలా?

నీళ్లే. ఆ నలభై నిమిషాలూ ఒళ్లు ఉడుకుతూనే ఉంటుంది. నీళ్లు పోస్తూ ఫోను స్పీకర్లో పెట్టి డాక్టరుతో మాట్లాడండి, 103.5కు దిగాక బయల్దేరండి. పావుగంట పోసినా దిగకపోతే తడి ఒంటితోనే బండెక్కించి, గాలి తగిలేలా అద్దాలు దించి లేదా ఏసీ పూర్తిగా పెట్టి తీసుకెళ్లండి.

వచ్చే పాఠం: తొలకరి మొదలయ్యాక చెవులు, వేళ్ల సందులు నానిపోకుండా చూసుకోవడం. అప్పటిదాకా మీ నోటు పుస్తకంలో రోజూ మూడు అంకెలు రాయండి: నిద్రలో ఊపిరి లెక్క, తాగిన నీళ్లు, రాత్రి తిన్న కొలత.